ఒకే మాత్ర, రెండు తీర్పులు

నిరుటి వేసవి చివరిలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగించుకొని మేము ఇంటికి చేరేసరికి, మా వీధిలోని ఒక యువతి తన అత్తగారితో కలిసి మా అరుగు మీద కూర్చొని ఉన్నది. పెళ్ళయి ఏడాది నిండని పిల్ల. ఆమె చేతిలో ఖాళీ అయిన మాత్ర షీటు ఒకటి ఉన్నది. వారం క్రితం కడుపులో వికారంగా ఉన్నదని దగ్గరలోని మందుల దుకాణానికి మనిషిని పంపితే, అక్కడి కుర్రవాడు ఒక్క ప్రశ్నైనా అడగకుండా "కడుపులో పురుగులై ఉంటాయి" అని ఒక మాత్ర, గ్యాసుకని మరో నాలుగు మాత్రలు కట్టి ఇచ్చాడట. ఆమె వేసుకున్నది. ఆ రోజు ఉదయం ఆసుపత్రికి వెళితే తేలిన సంగతి ఏమంటే, ఆమెకు రెండో నెల. ఆ వికారానికి పురుగులు కారణమే కాదు.

"చాచా, బిడ్డకు ఏమైనా అవుతుందా?" అని ఆమె అడిగింది.

మేము వైద్యులం కాము. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం చేసి విరమించినవారము. మాకు చేతనైన పని ఒక్కటే, కాగితం మీద అచ్చయిన ప్రతి అక్షరాన్నీ చదవడం. ఆ షీటును దీపం దగ్గర పెట్టుకొని చదివాము. ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు. దాని కింద, కళ్ళజోడు ఉంటే తప్ప కనపడని ఇంగ్లీషు అక్షరాలలో షెడ్యూల్ హెచ్ మందు అనీ, రిజిస్టరైన వైద్యుని చీటీ మీద మాత్రమే చిల్లరగా అమ్మాలనీ ఉన్నది. చీటీ లేదు. అడిగినవారూ లేరు.

మరునాడు ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళాము. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఒక్క మోతాదు పొరపాటున పడినంత మాత్రాన కీడు జరిగి తీరుతుందని కాదు. కాని గర్భం దాల్చిన మొదటి మూడు నెలలలో ఈ మందు ఇవ్వరాదన్నది నియమం. అయిదో నెలలో స్కానింగు తీసి చూద్దాం, అంతవరకు ధైర్యంగా ఉండు అన్నది. దేవుని దయ వల్ల బిడ్డ ఆరోగ్యంగానే పుట్టింది. కాని ఆ రోజు నుంచి స్కానింగు రోజు వరకు ఆ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. అంతటి భయం ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చింది.

ఈ సంగతితో పాటు మరొకటి కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. ఒక ఆగస్టు నెలలో ఇదే వీధిలో అయిదారు ఇళ్ళవారు తమ పిల్లలను ఒకరోజు బడికి పంపలేదు. ఆ రోజు బడిలో నులిపురుగుల మాత్రలు ఇస్తారని ముందుగా కబురు వచ్చింది. దాని వెనుకే ఫోన్లలో మరో కబురు వచ్చింది. ఆ మాత్ర వేసుకున్న పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదట! పంపించినవారెవరో, ఏ ఊరి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. అయినా నమ్మారు. మనవడిని బడి మాన్పించిన ఇళ్ళలో, పైన చెప్పిన అత్తగారి ఇల్లు కూడా ఒకటి.

బడిలో ఇచ్చే మాత్ర పేరు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు. దుకాణంలో కొని కోడలి చేత మింగించిన మాత్ర పేరు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు. ఒకే మందు, ఒకే మోతాదు. ఉపాధ్యాయుల ఎదుట, వయసు చూసి, జబ్బుగా ఉన్న పిల్లలను పక్కన పెట్టి ఉచితంగా ఇచ్చినదాని మీద అనుమానం. ఎవరికో, ఎందుకో అడగకుండా డబ్బు తీసుకొని ఇచ్చినదాని మీద నమ్మకం. మన సమాజం ఈ రెండు తీర్పులనూ తారుమారు చేసుకోవాలని చెప్పడానికే ఈ వ్యాసం.

పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి?

బెల్లం తింటే పురుగులు పడతాయనీ, నిద్రలో పళ్ళు కొరికితే పురుగులున్నట్టేననీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతుంటారు. రెండూ నిజం కావు. పురుగులు తీపిలో పుట్టవు. మనిషి మలంలోని గుడ్లు నేలలో చేరి, అక్కడి నుంచి మరో మనిషి ఒంట్లోకి వెళతాయి. ఏలికపాముల గుడ్లు, కొరడా పురుగుల గుడ్లు మట్టి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా, కలుషితమైన నీటి ద్వారా నోటిలోకి చేరుతాయి. కొంకి పురుగుల దారి వేరు. వాటి పిల్లలు తడి నేలలో కాచుకొని ఉండి, చెప్పులు లేని పాదాల చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతాయి. పేగులకు కొక్కెంలా పట్టుకొని రక్తం పీలుస్తాయి.

ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందికి ఈ నేల ద్వారా సోకే పురుగులు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాటికి కావలసినవి వెచ్చదనం, తడి నేల, మరుగుదొడ్డి లేని జీవితం. మొదటి రెండూ మన డెల్టాలో ఏడాది పొడవునా ఉన్నవే. గుడివాడ నుంచి బందరు వరకు, అక్కడి నుంచి దివిసీమ చివరి వరకు కాలువలు, వరిచేలు, చెరువులు. మోకాటి లోతు బురదలో ఉత్త కాళ్ళతో నాట్లు వేసే ఆడవాళ్ళలో మన ఆడపడుచులూ ఉన్నారు. పైగా మనది నీరు కట్టలు తెంచుకునే ప్రాంతం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన దృశ్యం నిన్నటిదే. మురుగునీరు, మంచినీరు ఏకమైనప్పుడు ఎవరి మలం ఎవరి గడపలోకి వచ్చిందో చెప్పగలవారు ఎవరు?

కడుపులో పురుగులుంటే బిడ్డ చావడు కదా అని కొందరు తేలికగా తీసుకుంటారు. కాని 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 63 మందికి, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నది. దీనికంతటికీ పురుగులే కారణమని చెప్పడం తప్పు. తిండిలో ఇనుము చాలకపోవడం పెద్ద కారణం. అయితే ఉన్న కొద్ది రక్తాన్నీ కొంకి పురుగులు పీలుస్తుంటే ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా ఫలం తక్కువే. బలపం, మట్టి తినే పిల్లను కొట్టి మాన్పించడానికి చూస్తాము. రక్తం తక్కువైన పిల్లలకే తరచుగా ఆ కోరిక పుడుతుందని మనకు ఎవరూ చెప్పలేదు. తరగతిలో కునికిపాట్లు పడే పిల్లవాడు సోమరి అనుకుంటాము. చదువులో వెనుకబడిన సమాజమని మన మీద నివేదికలు వస్తున్నప్పుడు, ఆ వెనుకబాటులో కొంత మన పిల్లల కడుపులోనే ఉన్నదేమో చూసుకోవలసిన బాధ్యత మనది.

బడిలో ఇచ్చే మాత్ర

జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం 2015 ఫిబ్రవరిలో కొన్ని రాష్ట్రాలలో ప్రారంభమై, మరుసటి ఏడాది దేశమంతటికీ విస్తరించింది. సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జరుగుతుంది. ఆ రోజు తప్పిపోయిన పిల్లలకు వారం తరువాత మరోసారి ఇస్తారు. 1 నుంచి 19 ఏళ్ళ వయసువారందరికీ బడులలో, అంగన్‌వాడీ కేంద్రాలలో మాత్ర ఇస్తారు. బడికి వెళ్ళని పిల్లలు అంగన్‌వాడీకి వెళ్ళి వేసుకోవచ్చు.

1 నుంచి 2 ఏళ్ళ లోపు బిడ్డకు సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు. 2 ఏళ్ళు దాటిన వారికి పూర్తి మాత్ర. చిన్నపిల్లలకు రెండు చెంచాల మధ్య పొడి చేసి, నీటిలో కలిపి తాగించాలి. పెద్దపిల్లలు నమిలి మింగాలి. ఏడాది నిండని బిడ్డకు ఇవ్వరాదు. ఆ రోజు జ్వరంతోనో, మరో జబ్బుతోనో ఉన్న పిల్లలకు ఇవ్వరు; కోలుకున్న తరువాత ఇస్తారు. మాత్రను ఉపాధ్యాయుల ఎదుటే వేయిస్తారు గాని ఇంటికి ఇచ్చి పంపరు. ఉపవాసం గాని, విరేచనాల మందు గాని అక్కరలేదు. మా నానీల కాలంలో వాయువిడంగాలు నూరి తాగించి, మరునాడు ఆముదం పట్టించి పిల్లలను సొమ్మసిల్లేటట్టు చేసేవారు. ఆ అవస్థ ఇప్పుడు లేదు.

ఈ మందు పురుగు శరీరంలోకి చక్కెర అందకుండా చేసి దానిని ఆకలితో చంపుతుంది. మన రక్తంలోకి ఎక్కేది చాలా తక్కువ. 1970లలో పశువైద్యానికి వచ్చి, 1980లలో మనుషుల వైద్యానికి అందిన ఈ మందును ఇప్పటివరకు ప్రపంచమంతటా కోట్లాది మంది పిల్లలు వేసుకున్నారు. వారు పెరిగి పెద్దవారై బిడ్డలను కన్నారు. సంతానం కలగదన్న మాటకు ఇంతకు మించిన జవాబు ఏముంటుంది?

ఇబ్బందులు ఉండవని మేము అనము. కొందరు పిల్లలకు కడుపునొప్పి, వికారం, వాంతి, నీరసం రావచ్చు. పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలలో ఇవి ఎక్కువ. చనిపోతున్న పురుగుల వల్ల కలిగే ఆ బాధ చాలావరకు కొన్ని గంటలలో తగ్గిపోతుంది. బిడ్డను నీడన పడుకోబెట్టి, నీళ్ళు తాగిస్తే సరిపోతుంది. ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా అది వేరే సంగతి. వెంటనే 108కి ఫోను చేయాలి. అన్నిటికంటే జాగ్రత్త పడవలసిన ప్రమాదం మరొకటి ఉన్నది. ఏడుస్తున్న పసిబిడ్డ ముక్కు మూసి, పూర్తి మాత్రను గొంతులో వేస్తే అది ఊపిరి గొట్టానికి అడ్డుపడవచ్చు. అప్పుడు బిడ్డకు కీడు చేసేది మందు కాదు, ఆ బలవంతం.

దుకాణంలో కొనే మాత్ర

మన దేశంలో చీటీ లేకుండా అమ్మదగిన మందులకు ప్రత్యేక చట్టబద్ధమైన జాబితా అంటూ లేదు. చీటీ ఉంటేనే అమ్మవలసినవాటి జాబితా మాత్రం ఉన్నది. ఔషధ నియమావళిలోని షెడ్యూల్ హెచ్‌లో ఆల్బెండజోల్ పేరు ఉన్నది. అంటే మనం చిల్లరకొట్టులో పిప్పరమెంటు కొన్నట్టు కొంటున్న ఈ మాత్ర చట్టం దృష్టిలో వైద్యుడు రాయవలసిన మందు. అమెరికాలో కూడా దీనికి చీటీ కావాలి. అక్కడ చీటీ లేకుండా దొరికే పురుగుల మందు వేరు. బ్రిటన్‌లో మెబెండజోల్ చీటీ లేకుండా దొరుకుతుంది గాని రెండేళ్ళ లోపు పిల్లలకూ, గర్భిణులకూ అమ్మకూడదని ఫార్మసిస్టు ముందే ప్రశ్నిస్తాడు.

పేదవాడు ప్రతి చిన్న నలతకూ డాక్టరు దగ్గరకు వెళ్ళలేడన్న సంగతి మాకు తెలుసు. రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు అవుతుంది, ఫీజు ఉంటుంది. కాబట్టి దుకాణానికి వెళ్ళవద్దని మేము చెప్పబోము. వెళ్ళినప్పుడు ఎవరికోసమో చెప్పి అడగండి అని మాత్రమే మనవి చేస్తున్నాము.

మొదటిది, వేసుకునేది స్త్రీ అయితే నెల తప్పిందా అన్న ప్రశ్న ఇంట్లోనే వేసుకోవాలి. సందేహం ఉంటే మాత్ర వద్దు. గర్భిణులకు ఈ మందు ఎప్పుడూ ఇవ్వరని కాదు. నాలుగో నెల మొదలుకొని, అంటే రెండో త్రైమాసికంలో ప్రభుత్వమే ఒక మోతాదు ఇస్తుంది. అది ఏఎన్‌ఎం చేతుల మీదుగా జరగాలి. కొత్తగా పెళ్ళయిన ఇంట్లో వికారం, వాంతి అనగానే పురుగులు, గ్యాసు అనుకోకుండా ముందు గర్భపరీక్ష చేయించుకోవడం మర్యాద తక్కువ పని కాదు.

రెండవది, పిల్లల వయసు. పురుగుల సిరప్పు సాధారణంగా 10 మిల్లీలీటర్ల చిన్న సీసాలో వస్తుంది. అందులో మొత్తం మందు తరచుగా 400 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే పూర్తి మాత్రకు సమానం. ఏడాదిన్నర బిడ్డకు సీసా చిన్నదే కదా అని మొత్తం పట్టించే తల్లులను చూశాము. ఆ వయసుకు సగమే. సీసా మీద అయిదు మిల్లీలీటర్లకు ఎంత మందు ఉన్నదో చదివించుకోండి.

మూడవది, పేరు. ఆల్బెండజోల్‌తో పాటు ఐవర్‌మెక్టిన్ అనే మరో మందు కలిపిన మాత్రలు కూడా దుకాణాలలో ఉన్నాయి. పేరు చివర 'ప్లస్' వంటి తోక తప్ప చూడడానికి ఒకటే. 15 కిలోల బరువు లేని బిడ్డకు ఐవర్‌మెక్టిన్ సిఫారసు చేయరు. ఒక మందు అడిగితే రెండు మందులు చేతిలో పెట్టవచ్చు. అందుకని షీటు మీద ఎన్ని మందుల పేర్లున్నాయో చూడాలి. పశువుల కోసం అమ్మే పురుగుల మందు సీసాలను, ధర తక్కువని మనుషులకు వాడడం మహా ప్రమాదం. పేరు ఒకటే అయినా గాఢత వేరు.

నాలుగవది, ఉన్న జబ్బులు. మూర్ఛకు మందులు వాడేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, గతంలో ఈ మాత్రకు దద్దుర్లు వచ్చినవారు వైద్యుని అడగకుండా వేసుకోరాదు.

అయిదవది, ఒక్క మాత్ర అన్ని పురుగులకూ ఒకేలా పనిచేయదు. ఏలికపాముల మీద బాగా పనిచేస్తుంది, కొంకి పురుగుల మీద చాలావరకు, కొరడా పురుగుల మీద కొంతే. రాత్రివేళ ఆసనం దగ్గర దురద పుట్టించే సన్నని తెల్లని దారాల వంటి పురుగులకు ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వేసుకొని, రెండు వారాల తరువాత మరో మోతాదు వేసుకోవాలి. లేకపోతే ఒకరి నుంచి మరొకరికి తిరుగుతూనే ఉంటాయి. మలంలో చదునైన రిబ్బను ముక్కల వంటివి పడితే అవి బద్దెపురుగులు. వాటికి మందు వేరు. మాత్ర పనిచేయలేదని ప్రతి వారం ఒకటి మింగడం కంటే ప్రభుత్వ ఆసుపత్రిలో మలపరీక్ష చేయించుకోవడం మేలు.

చివరగా, ప్రతి కడుపునొప్పీ పురుగుల నొప్పి కాదు. కుడివైపు కింద తగ్గకుండా నొప్పి, పొట్ట ఉబ్బి వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం వంటివి కనిపిస్తే దుకాణం ఎదుట గడిపే ప్రతి గంటా నష్టమే. నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

"మనకు రాదు" అనే భ్రమ

బద్దెపురుగుల ప్రస్తావన వచ్చినది గనుక మన సమాజంలో బలంగా ఉన్న ఒక భ్రమ గురించి చెప్పాలి. పంది మాంసం ద్వారా వచ్చే జబ్బులు మనకు రావు, మనం దానిని ముట్టము కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ మాంసం ద్వారా కడుపులో బద్దెపురుగు పెరగదన్నంతవరకు నిజమే. కాని ఆ పురుగు గుడ్లు మెదడుకు చేరి తిత్తులు కట్టే జబ్బు మాంసం తిన్నందువల్ల రాదు. ఆ పురుగును కడుపులో మోస్తున్న ఏ మనిషి చేతుల నుంచో, అతని మలం కలిసిన నీటి నుంచో, కూరగాయల నుంచో గుడ్లు మన నోటిలో పడితే వస్తుంది. మన దేశంలో మూర్ఛలకు గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

ఇందుకు ప్రపంచ వైద్య చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. న్యూయార్కు నగరంలో మనవలెనే పంది మాంసాన్ని నిషిద్ధంగా భావించే సంప్రదాయ యూదు కుటుంబాలలో నలుగురికి ఈ మెదడు జబ్బు వచ్చినట్టు 1992లో అక్కడి వైద్య పత్రికలో ప్రచురితమైంది. ఆ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చిన పనివారి ద్వారా ఇంటి వంటలోకి గుడ్లు చేరి ఉంటాయని పరిశోధకులు తేల్చారు. తప్పు పనివారిదని కాదు; వారికి పరీక్షలు, వైద్యం అందించనివారిది. పక్కవాడి ఆరోగ్యం చెడితే నిషేధాలు, ఆచారాలు మనలను పూర్తిగా కాపాడలేవన్నది అందులోని సంగతి.

దీనికీ మన మాత్రకూ సంబంధం ఉన్నది. మెదడులో తిత్తులు ఉన్న సంగతి తెలియకుండా ఆల్బెండజోల్ వేసుకుంటే, అవి చనిపోయేటప్పుడు వచ్చే వాపు వల్ల మూర్ఛ రావచ్చు. ఇది అరుదు. అయినా ఎప్పుడైనా మూర్ఛ వచ్చిన బిడ్డకు, కారణం తెలియని తలనొప్పులున్న బిడ్డకు సొంతంగా మాత్ర కొనివేయకూడదు. బడిలో ఇచ్చే రోజున ఆ సంగతి ఉపాధ్యాయులకు ముందే చెప్పాలి.

ఖుర్బానీ విషయంలోనూ ఒక్క మాట. జంతువు ఊపిరితిత్తులలో, కాలేయంలో నీటి తిత్తులు కనిపిస్తే వాటిని వీధి కుక్కలకు విసిరేయరాదు. ఆ కుక్కల మలం ద్వారా అదే తిత్తి మనిషి కాలేయంలో పెరుగుతుంది. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. మాంసం బాగా ఉడికించి తినాలి.

అనుమానానికి చరిత్ర ఉన్నది

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందును చూసి మనవాళ్ళు జంకడాన్ని అజ్ఞానం అని కొట్టివేయడం మాకు ఇష్టం లేదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలను చూసిన తరం ఇంకా బ్రతికే ఉన్నది. ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ పేరు ఆ తరం మరువలేదు. ఆ గాయాన్ని వాడుకొనే ఇప్పటి వదంతులు పుడుతున్నాయి.

కాని ఆ తరువాతి చరిత్ర కూడా ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల మీద ఇదే అనుమానం వ్యాపించినప్పుడు, తలుపులు వేసుకున్న ఇళ్ళ పిల్లలే కుంటివారయ్యారు. చివరికి ఉలమాలు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వంటి సంస్థలు ముందుకు వచ్చి ఇంటింటికీ తిరిగాకనే పరిస్థితి మారింది. దేశంలో నమోదైన చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. ఆ చివరి బిడ్డ కూడా మన సమాజపు బిడ్డే. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమని ప్రకటించారు. మందును తిరస్కరించడం ద్వారా మనం ఎవరి మీదా గెలవలేదు. మందు గురించి ప్రశ్నించి, సమాధానం రాబట్టి, మన చేతులతో మన పిల్లలకు వేయించినప్పుడే గెలిచాము.

అడగవలసినవి అడుగుదాం

హక్కుల గురించి మాట్లాడే పత్రికలో మాత్రల గురించి ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ఈ విషయంలో మనం అడగవలసిన హక్కులు స్పష్టంగా ఉన్నాయి.

సచార్ కమిటీ 2006 నివేదిక ప్రకారం మదరసాలలో చదివే పిల్లలు మన బడి ఈడు పిల్లలలో నూటికి ముగ్గురు నలుగురికి మించరు. సంఖ్య తక్కువే. కాని తక్కువ కాబట్టే జాబితాలలో జారిపోవడం తేలిక. ముప్పై ఏళ్ళు జాబితాలు రాసిన అనుభవంతో చెబుతున్నాము: పేరు రాయించుకోనివారికి సరుకు రాదు. ప్రతి మదరసా బాధ్యులు తమ పిల్లల పేర్లు, వయసులు రాసి, దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని ముందుగానే ఇచ్చి, రసీదు తీసుకోవాలి. హాస్టలులో ఉండి చదివే పిల్లలు అంగన్‌వాడీకీ వెళ్ళరు, బడికీ వెళ్ళరు. వారికి ఇది మరీ ముఖ్యం.

రెండవ సంగతి తొందరగా ఆలోచించవలసినది. 2027లో రంజాన్ మాసం చంద్రదర్శనాన్ని బట్టి ఫిబ్రవరి 8, 9 తేదీల ప్రాంతంలో మొదలయ్యే అవకాశం ఉన్నది. అంటే ఫిబ్రవరి 10 కూడా, తప్పినవారికి ఇచ్చే 17 కూడా ఉపవాసాల లోపలే పడతాయి. రోజా ఉన్న హైస్కూలు పిల్లలు పగలు మాత్ర నమలరు. ఉపాధ్యాయులు వారిని 'నిరాకరించినవారు' అని రాసుకుంటారు. ఇది నిరాకరణ కాదు. రంజాన్‌కు ముందుగా గాని, ఈద్ తరువాత గాని మన పిల్లలకు ఒక రోజు కేటాయించమని, లేదా ఇఫ్తార్ తరువాత ఆశా కార్యకర్త సమక్షంలో ఇచ్చే ఏర్పాటు చేయమని మస్జిద్ కమిటీలు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఇప్పుడే అర్జీ పెట్టాలి. అర్జీ రాయడం తెలియనివారు మా వంటి విశ్రాంత గుమాస్తాలను పిలవండి. ప్రతి పట్టణంలోనూ మాలాంటివారు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వారికి పనీ ఉండదు.

మూడవది, మందుల దుకాణాలవారు. వారిలో మనవారూ ఉన్నారు. అమ్మే ముందు వయసు ఎంత, గర్భవతా, మూర్ఛ ఉన్నదా అని మూడు ప్రశ్నలు అడగడానికి అర నిమిషం చాలు. ఆ మూడు ప్రశ్నలు తెలుగులో, ఉర్దూలో రాసి కౌంటరు మీద అంటించమని కోరుదాం.

నాలుగవది అన్నిటికంటే పెద్దది. మాత్ర ఈ రోజు పురుగును చంపుతుంది. రేపటి పురుగును ఆపదు. పూడుకుపోయిన మురుగుకాలువ, తలుపు లేని మరుగుదొడ్డి, కాలువ గట్టు మీదికి పోక తప్పని ముసలమ్మ ఉన్నంతకాలం ఆరు నెలలకొకసారి మాత్ర వేస్తూనే ఉండాలి. పారిశుద్ధ్యం కోసం పురపాలక సంఘాన్ని నిలదీయడం మన హక్కు. ఇంట్లో చేయవలసినది మాత్రం మనదే. రోజుకు అయిదుసార్లు వుజూ చేసే చేతులు మనవి. అయినా మరుగుదొడ్డి తరువాత, వంటకు ముందు సబ్బు వాడకపోతే గోళ్ళ కింది గుడ్లు ఉత్త నీటితో పోవు. గోళ్ళు కత్తిరించుకోవడం మన ధర్మం నేర్పిన పనే. పిల్లల కాళ్ళకు చెప్పులు, తినేముందు కడిగిన కూరగాయలు ఖర్చు తక్కువ పనులు.

ఆ అత్తగారు మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు చంకలో మనవరాలు ఉన్నది. రానున్న శీతకాలంలో ఆ పాపకు ఏడాది నిండుతుంది. "అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర ఈ పాపకు సగమే కదా భాయ్, పొడి చేసి నీళ్ళలో కలపాలి కదా?" అని అడిగింది. అవునన్నాము. ఫిబ్రవరిలో ఎన్నో తేదీన తీసుకువెళ్ళాలో అడిగి, గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టించుకొని వెళ్ళింది.